ఊరికే... ఐసైచ్... పాతబస్తీలో!

ఈమధ్య సినిమాకి వెళ్ళడం కూడా పబ్లిక్ పరీక్షకి వెళ్ళినట్టే అయిపోయింది. కాదంటారా? ముందు టీజరు చూస్తాం. తర్వాత ట్రైలరు చూస్తాం. పాటలన్నీ ఫోన్లో ఎప్పుడో వినేసి ఉంటాం. పొద్దుటి ఆట పూర్తవకముందే ఇంటర్వెల్ దగ్గర ఏం జరిగిందో ఎవరో ఒకరు రాసేస్తారు. ఆపైన రేటింగులు, సీటు నెంబరు, సమోసాతో సహా బుకింగు! ఇంక హాల్లో కూర్చున్నాక కొత్తగా తెలుసుకోవలసింది ఏసీ పని చేస్తోందా లేదా అన్నది ఒక్కటే!

మా నాన్నగారి తరం వాళ్ళకి ఈ బాదరబందీ లేదు. "పద, ఏది ఆడుతుంటే అది చూద్దాం" అనేవారు. ఒక హాలు దగ్గర హౌస్‌ఫుల్ బోర్డు వేలాడుతుంటే పక్క హాలుకి నడిచేవారు. పేరైనా వినని సినిమాకి నేల టిక్కెట్టు కొనుక్కుని, జన్మంతా మరిచిపోలేని పాట ఒకటి వెంట తెచ్చుకునేవారు. హైదరాబాదు పాతబస్తీలో యాకుత్‌పురా ఉంది చూశారూ... అక్కడి యాకుత్ మహల్ థియేటరుకి పాత హిందీ సినిమాలు మళ్ళీ మళ్ళీ వేసిన హాలుగా పేరు. అలాంటి హాలుకి ఏం సినిమా అని అడిగి వెళ్ళక్కర్లేదు. వెళ్ళాక బోర్డు చూసుకోవడంలోనే సగం మజా!

సరే, సినిమాల సంగతి అలా ఉంచండి. ఇప్పుడు షికారు కూడా అంతే. "హైదరాబాదులో తప్పక చూడవలసిన పది ప్రదేశాలు" అని ఒక జాబితా. ఎక్కడ చాయ్ తాగాలో, ఏ మూల నిలబడి ఫొటో దిగాలో ముందే రాసి ఉంటుంది. ఎడమకి తిరుగు, కుడికి తిరుగు అని ఫోన్లోని అమ్మాయి అజమాయిషీ చేస్తూ ఉంటుంది. ఇంత పకడ్బందీగా తిరిగేదాన్ని షికారు అంటారా, డ్యూటీ అంటారా? మీరే చెప్పండి.

అందుకే ఈ వారం మీకో సినిమా కథ చెప్పబోతున్నాను. దీనికి ట్రైలరు లేదు. స్క్రీన్‌ప్లే లేదు. హీరో మాత్రం ఉన్నాడు. వయసు నాలుగు వందల ముప్పయ్యేళ్ళ పైమాటే. పేరు పాతబస్తీ!

ఒకే ఒక్క డైలాగు

ఈ సినిమా మొత్తానికీ డైలాగు ఒక్కటే... "ఐసైచ్!"

హైదరాబాదు వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మిగతా వాళ్ళ కోసం చెబుతున్నాను. ఐసే అంటే ఇలా, ఇలాగే. దానికి చివర ఒక 'చ్' తగిలిస్తే "ఊరికే, ఉత్తినే, కారణమేమీ లేదు" అని అర్థం. దక్కనీ ఉర్దూలో మాట చివర వచ్చే ఈ 'చ్' మరాఠీ వాళ్ళ చలవ. మన కోస్తాలో "ఊరికే" అంటాం. తెలంగాణలో "ఊకెనే" అంటారు. మాట ఏదైనా మజా ఒక్కటే.

కానీ చిత్రం చూడండి. ఊరికే తిరిగేవాడికి మన భాషలో ఒక్క మంచి పేరు లేదు! జులాయి, బలాదూరు, దిమ్మరి, ఆవారా... అన్నీ తిట్లే. వెండితెర మీద మాత్రం ఈ తిట్లే కిరీటాలు. 1951లో రాజ్‌కపూర్ 'ఆవారా' అని పేరు పెట్టుకుని దేశదేశాల జనాన్ని వెంట తిప్పుకున్నాడు. 2012లో త్రివిక్రమ్ 'జులాయి' అని తీస్తే అల్లు అర్జున్‌కి మనమంతా ఈలలు వేశాం. అదే పని మన ఇంట్లో తమ్ముడు చేస్తే? వీపు విమానం మోతే!

1953లో వచ్చిన 'రోమన్ హాలిడే' చూశారా? చూడకపోతే వెంటనే చూడండి. ఆడ్రీ హెప్‌బర్న్ అందులో ఒక రాకుమారి. ఆమె జీవితంలో నిమిష నిమిషానికీ ఒక కార్యక్రమం. ఆ రాకుమారి ఒక్క రోజు తప్పించుకుని రోమ్ నగరంలో ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది. జుట్టు కత్తిరించుకుంటుంది, ఐస్‌క్రీము తింటుంది, స్కూటరెక్కుతుంది. అంతే కథ. ఆ పాత్రకే హెప్‌బర్న్‌కి ఆస్కారు వచ్చింది. ఆ రాకుమారికి ఉన్నట్టే ఇవాళ మనందరికీ నిమిష నిమిషానికీ ప్రోగ్రాములున్నాయి. లేనిదల్లా ఆ ఒక్క రోజే!

కొనేవాడికి బేరం, ఊరికే వచ్చినవాడికి స్టూలు

నెలకోసారైనా నేను ఎంజీబీఎస్ స్టేషన్లో మెట్రో దిగి, నయాపూల్ మీదుగా మూసీ దాటి, పత్తర్‌గట్టీ వైపు నడుస్తాను. పండగ రోజు కాదు, ఆదివారం కాదు... ఏదో ఒక మామూలు మంగళవారం. ఫోను జేబులోనే ఉంటుంది. ఎటు తిరగాలో చెప్పే పని చెవికీ ముక్కుకీ అప్పగిస్తాను. ఎటునుంచి కొత్త శబ్దం వస్తే అటు. ఎటునుంచి మంచి వాసన వస్తే అటు.

మొన్నామధ్య చార్ కమాన్ దగ్గర ఒక గల్లీలోంచి టక్ టక్, టక్ టక్ అని వినిపించింది. తాళం తప్పని దరువు. సంగీత దర్శకులెవరైనా వింటే అక్కడికక్కడే ట్యూను కట్టేస్తారు. లోపలికి వెళితే ఒక పెద్దాయన సుత్తితో ఒక కట్టని కొడుతున్నారు. ఆ కట్టలో పొర పొరకీ మధ్య చిన్న చిన్న వెండి ముక్కలు. గంటల తరబడి కొడితే ముక్క కాస్తా రేకవుతుంది. మిఠాయి మీద, పాను మీద తళతళలాడే వెండి వరఖ్ అదే! గట్టిగా ఊపిరి వదిలితే ఎగిరిపోయేంత పల్చన.

"క్యా హోనా మియా?" అన్నారాయన తలెత్తకుండానే.

"కుచ్ నై చాచా, ఐసైచ్" అన్నాను.

సుత్తి ఆగింది. "ఐసైచ్? తో బైఠో!" అని స్టూలు జరిపారు.

చూశారా! ఏదైనా కొనడానికి వెళ్ళి ఉంటే గుమ్మంలోనే బేరం, గుమ్మంలోనే సలాం. ఊరికే వెళ్ళాను కాబట్టి కూర్చోబెట్టారు. పూర్వం ఈ పొరలకి తోలు వాడేవారట. జంతువుల నుంచి వచ్చే పదార్థమేదీ వరఖ్ తయారీలో వాడకూడదని ఆహార భద్రతా సంస్థ 2016లో నిబంధన తెచ్చింది. యంత్రాల మీద చేసిన వరఖ్ కూడా బజారులోకి వచ్చేసింది. "మా అబ్బాయికి ఈ పని నేర్పలేదు" అన్నారు చాచా. అని మళ్ళీ టక్ టక్... ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆ మాట ఏ పది ప్రదేశాల జాబితాలోనూ దొరకదు.

అక్కణ్ణుంచి నడిచి నడిచి లాల్ దర్వాజా చేరాను. ఆషాఢంలో సింహవాహిని అమ్మవారి బోనాలతో ఊగిపోయే పేట అది. పూలమ్ముకునే ఒక అవ్వ నన్ను రెండుసార్లు చూసింది. మూడోసారి ఆపేసింది.

"ఏం బిడ్డా, ఎవల కోసం తిరుగుతున్నవ్?"

"ఎవరి కోసం కాదవ్వా, ఊకెనే."

"ఊకెనేనా? మంచిగనే ఉంది నీ పని!" అని నవ్వి, మా వీధిలో పూల ధర ఎంతో, మా అమ్మ ఏ పూలు పెట్టుకుంటుందో కనుక్కుని, ఒక మూర చేతిలో పెట్టింది. డబ్బులు మాత్రం తీసుకుంది లెండి! ఊరికే తిరగొచ్చు గానీ ఊరికే పూలెవరిస్తారు?

ఈ సెట్టింగు ఎవరిదంటే...

అసలు తమాషా ఏమిటంటే, మనం ప్లాను లేకుండా తిరుగుతున్న ఈ ఊరు పక్కా ప్లానుతో కట్టింది! 1591లో సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్ షా కొత్త నగరం కట్టించాలనుకున్నప్పుడు ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ దానికి రూపకల్పన చేశారు. ఇరాన్ నుంచి వచ్చిన పండితుడాయన. నడిబొడ్డున చార్మినార్, దాని నుంచి నాలుగు దిక్కులకీ నాలుగు రోడ్లు. కాస్త ఉత్తరాన నాలుగు కమాన్లు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ ఫౌంటెన్. అచ్చం చదరంగం బల్ల మీద గళ్ళు గీసినట్టు! ఆ మీర్ మోమిన్ సమాధి సుల్తాన్ షాహీ పక్కనే, ఆయన పేరు మీదున్న దాయిరాలోనే ఉంది.

తర్వాత వచ్చినవాళ్ళూ ప్లాన్లు వేశారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి ఆనాడు 150 మంది దాకా బతికి బయటపడ్డారని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ వరద తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. పత్తర్‌గట్టీలో వరసగా కనిపించే ఆ రాతి కమాన్ల దుకాణాలు ఆ కాలపు నగర నిర్మాణమే.

ఇంత ప్లాను ఉన్నచోట ప్లాను లేని తిరుగుడేమిటని అడుగుతారేమో. అక్కడే ఉంది కిటుకు! నాలుగు రోడ్లూ చార్మినార్ దగ్గరికే వస్తాయి కాబట్టే నడుమనున్న వంద గల్లీల్లో మనం నిశ్చింతగా దారి తప్పవచ్చు. ఎంత తప్పిపోయినా, కాస్త ఖాళీ జాగాకొచ్చి తలెత్తితే ఎక్కడో ఒక మినారు కనిపిస్తుంది. కట్టినవాళ్ళు ప్లాను వేసి పెట్టారు. ఊరికే తిరిగే భాగ్యం మనకి వదిలిపెట్టారు.

దారి తప్పితే పేర్లు దొరుకుతాయి. దూద్ బౌలి అంటే పాల బావి. ఎతెబార్ చౌక్ అంటే నమ్మకం కూడలి! ఎవరు ఎవరిని నమ్మారో, ఆ బావిలో పాలెవరు పోశారో మీరే ఊహించుకోండి. లాల్ దర్వాజా ఉంది, దర్వాజా మాత్రం లేదు. పాత కోటగోడకి ఉన్న దర్వాజాల్లో దబీర్‌పురాది, పురానాపూల్‌ది... ఆ రెండే ఇప్పుడు నిలిచి ఉన్నాయి. మిగిలినవి పేర్లలోనే బతుకుతున్నాయి.

సెట్టు వేరు, గల్లీ వేరు

మన చిత్రసీమ వారికీ పాతబస్తీ అంటే మహా మోజు. 2003 సంక్రాంతికి వచ్చిన 'ఒక్కడు' మీకు గుర్తుండే ఉంటుంది. మహేష్‌బాబు, భూమిక చార్మినార్ పైకెక్కి దాక్కోవడం, కింద జనం, పైన ప్రేమ! ఆ చార్మినార్ అసలుది కాదు. నిత్యం జనం కిటకిటలాడే చోట అన్ని రోజులు చిత్రీకరణ జరిపే వీలెక్కడిది? దర్శకుడు గుణశేఖర్ ఊరి శివారున గోపనపల్లిలో మొత్తం చార్మినారునే లేపారు. కళా దర్శకుడు అశోక్ ప్రతిభకి జేజేలు కొట్టని వాళ్ళు లేరు.

సెట్టు అద్భుతమే. కానీ సెట్టులో డైరెక్టరు అనుకున్నదే జరుగుతుంది. మేకపిల్ల నడవాలన్నా ఎవరో "యాక్షన్" అనాలి. అసలు గల్లీలో అలా కాదు. మీరేదో అత్తరు సీసా వాసన చూస్తుంటే వెనక నుంచి మర్ఫా దరువు మోగుతుంది. పెళ్ళికొడుకు వచ్చేస్తున్నాడు! పక్కకి తప్పుకుంటే మేకపిల్ల కాలు తొక్కుతుంది. ఛత్తా బజారు వైపు వెళితే ఎవరిదో పెళ్ళి శుభలేఖ అచ్చవుతుంటుంది. ఎవరిదో తెలియని పెళ్ళికి మీరు ముందుగానే అక్షింతలు వేసేసినట్టే!

అన్నట్టు, పాతబస్తీ అంటే బిర్యానీ, ముత్యాలు, అత్తరు మాత్రమే అనుకునేవారు 1982లో సాగర్ సర్హదీ తీసిన 'బాజార్' చూడాలి. స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, ఫారూఖ్ షేక్, సుప్రియా పాఠక్. పేద ఇంటి ఆడపిల్లని డబ్బున్న గల్ఫ్ వరుడికి కట్టబెట్టే బేరసారాల కథ. ఇదే హైదరాబాదు నేపథ్యం. ఊరికే తిరిగే కంటికి మెరుపుతో పాటు మరకా కనిపిస్తుంది. కనిపించాలి కూడా.

"ఐసైచ్" అనే హక్కు ఎవరిది?

ఇప్పుడు కాస్త ఆగుదాం. ఇదంతా మజాగానే ఉంది. కానీ ఒక ప్రశ్న నన్ను కొన్నాళ్ళుగా వదలడం లేదు.

నేను మగవాణ్ణి. ముప్పయ్యేళ్ళు దాటినవాణ్ణి. భుజాన సంచీ, చేతిలో నోటుబుక్కు. నేను "ఐసైచ్" అంటే స్టూలు వేస్తున్నారు. మరి అందరికీ వేస్తారా?

లాడ్ బజారులో ఒక సాయంత్రం లక్క గాజుల తయారీ చూస్తూ నిలబడ్డాను. లక్కని బొగ్గుల సెగ మీద మెత్తబరిచి, కడ్డీలా సాగదీసి, గుండ్రంగా వంచి అతికించి, వేడి మీద ఉండగానే ఒక్కొక్క రాయీ అద్దుతారు. హైదరాబాదు లక్క గాజులకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. నా పక్కనే ఇద్దరు డిగ్రీ చదివే అమ్మాయిలు. ఇరవై దుకాణాలు తిరిగారట, ఒక్క డజనూ కొనలేదు. నేను నవ్వితే అందులో ఒకమ్మాయి అంది:

"గాజులు కొనాలె అంటేనే అమ్మ పంపిస్తది భయ్యా. ఊరికే తిరిగొస్తమంటే కాళ్ళు ఇరగ్గొడతది. అందుకే లాస్టుకి కొంటం. కొన్నమంటే ఇంటికి పోవాలె కదా!"

ఎంత మాట! మనకి గాజుల బజారు. వాళ్ళకి అది టిక్కెట్టు. ఆ డజను గాజులు చేతికి వచ్చిన క్షణం ఆట అయిపోయినట్టే!

ముంబయి వీధుల మీద పరిశోధన చేసిన శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే 2011లో 'వై లాయిటర్?' అని ఒక పుస్తకం తెచ్చారు. ఆడవాళ్ళు బజారులో కనిపించాలంటే ఏదో ఒక పని చూపించాలి... కూరగాయల సంచీయో, చంటిపిల్లో, ఆఫీసు బ్యాగో. పనేమీ లేకుండా ఊరికే నిలబడే హక్కు కూడా హక్కే అంటారు వారు. ఆ అమ్మాయికి ఆ పుస్తకం గురించి తెలియకపోవచ్చు. సారాంశం మాత్రం ఒక్క ముక్కలో చెప్పేసింది!

పోనీ, మగపిల్లలందరికీ ఈ హక్కు ఉందా? అదీ లేదు. పాతబస్తీ ఇళ్ళ ముందు అరుగుల్ని చబుత్రాలంటారు. 2015లో దక్షిణ మండలం పోలీసులు 'ఆపరేషన్ చబుత్రా' మొదలుపెట్టారు. అర్ధరాత్రి దాటాక అరుగుల మీద, రోడ్ల మీద కాలక్షేపం చేసే కుర్రాళ్ళని పట్టుకెళ్ళి, తల్లిదండ్రుల్ని పిలిపించి బుద్ధులు చెప్పి పంపేవారు. పోలీసుల మాటలోనూ న్యాయం లేకపోలేదు. అర్ధరాత్రి బైకు పందేలు, తగాదాలు ఎవరికి కావాలి? కానీ ఒక కుర్రాడు నాతో అన్న మాట కూడా వినండి: "ఇంట్ల రెండు రూములు, ఎనిమిది మందిమి. ఈ చబుత్రాయే మా డ్రాయింగ్ రూము భయ్యా."

అదే గల్లీలో బయటి నుంచి వచ్చినవాడు తిరిగితే హెరిటేజ్ వాక్. ఆ గల్లీ కుర్రాడే తిరిగితే ఆవారా. అమ్మాయి తిరిగితే "ఎక్కడికి? ఎవరితో? ఎందుకు?" ఒకే గల్లీ, ఒకే నడక... మూడు పేర్లు! ఊరికే తిరగడంలో ఉన్న ఆనందం ఎంత గొప్పదో తెలిశాక, అది మనకొక్కరికే ఉంటే రుచించదు కదా.

ఇక క్లైమాక్సు

పాతబస్తీ మారుతోంది. ఎంజీబీఎస్ నుంచి పాతబస్తీలోకి వెళ్ళే మెట్రో లైనుకి 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. దాని కోసం 2025లో దారి పొడుగునా ఇళ్ళు, దుకాణాల కూల్చివేతలు మొదలయ్యాయి. మెట్రో వద్దనడం న్యాయం కాదు. బస్సుల్లో నలిగిపోయే అక్కడి జనానికీ అది కావాలి. కాకపోతే రేపు మనం సరాసరి చార్మినార్ దగ్గర దిగి, ఫొటో దిగి, సరాసరి వెనక్కి ఎక్కేస్తే? నడుమనున్న టక్ టక్ ఎవరు వింటారు?

అందుకే, వెళ్ళదలుచుకుంటే ఇప్పుడే వెళ్ళండి. పొద్దున్నే ఏడింటికి వెళితే చార్మినార్ చుట్టూ పావురాలే ప్రేక్షకులు, ఇరానీ హోటళ్ళలో చాయ్, ఉస్మానియా బిస్కెట్టు, నహారీ, కుల్చా. సాయంత్రం వెళితే దీపాలు, జనం. రంజాన్ నెలలో అయితే రాత్రంతా తిరునాళ్ళే. ఫోను జేబులో పెట్టండి, కానీ ఇంటికి ఫోన్ చేసేందుకు ఛార్జింగు ఉంచుకోండి. మనిషి ఫొటో తీసేముందు ఆ మనిషిని అడగండి. మసీదైనా గుడైనా గుమ్మం దగ్గర గొంతు తగ్గించండి. ఎవరైనా స్టూలు వేస్తే కూర్చోండి. అదే ఈ సినిమాకి బాల్కనీ టిక్కెట్టు!

మరొక్క మాట. అబ్బాయిలూ, ఈసారి మీ అక్కనో చెల్లెల్నో కూడా రమ్మనండి. అమ్మాయిలూ, మీ స్నేహితురాళ్ళని పోగేయండి. గుమ్మం దాటేటప్పుడు అమ్మ ఎలాగూ అడుగుతుంది... "ఎక్కడికే?" అని.

గాజులకని చెప్పకండి. "ఊరికేనమ్మా" అనండి. కుదిరితే అమ్మని కూడా రమ్మనండి!